పదిహేడు సర్దుబాట్లు

కూర దించి మూడు గిన్నెల్లోకి తీస్తున్నాను. ఆయన గిన్నెలో ఇంకాస్త ఉప్పు పడాలి, అబ్బాయి దాంట్లో ఇంకాస్త కారం. మూడోది నాకూ కోడలికీ. నలభై ఏళ్లుగా ఒక్క కూరకు ఇన్ని చాకిరీలు. ఎవరూ దాన్ని పని అనలేదు.

గదిలో అబ్బాయి పనిచేసుకుంటాడు కాబట్టి కోడలు వంటింటి బల్ల మీదే కంప్యూటర్ పెట్టుకుని కంపెనీకి వెబ్ పేజీలు రాస్తుంది. పొట్లాల కాగితాల మీద చదువు నేర్చుకున్నదాన్ని, అక్షరం కనబడితే ఆగుతాను. ఆ ఇంగ్లీషు వరుసల మధ్య ఒక తెలుగు మాట, మళ్లీ మళ్లీ అదే: సర్దుబాటు. లెక్కపెట్టాను. పదిహేడు.

ఇదేంటమ్మా అని అడిగాను. పేజీలు రాసే ఆ భాషకు నియమాలున్నాయట. ఆ పేజీల్ని తెర మీద చూపించే బ్రౌజర్లు చేసే కంపెనీలన్నీ కూర్చుని, ఒప్పుకుని రాసుకున్నవేనట. ఒక పెద్ద బ్రౌజరు మాత్రం తనకు తోచినట్టు నడుస్తుందట. సరిగ్గా రాసినదాన్నే దాని తిక్కకు తగ్గట్టు ఇంకోసారి రాయాలట. రాసిన చోటల్లా గుర్తుకు ఆ మాట పెట్టుకుంటుందట.

"ఒప్పుకున్నవాళ్లే పాటించరా?"

"ఎక్కువమంది వాడేది వాళ్లదే కదా అత్తయ్యా. వాళ్లకేం అవసరం? పేజీ చెడితే తిట్లు నాకు."

పద్దెనిమిదోది మధ్యాహ్నంలోగా కావాలన్నాడట మేనేజరు. ఇక రాయను, నియమం ప్రకారమే ఉంచుతాను అని జవాబు రాసిపెట్టుకుంది. పంపలేదు. పంపితే ఉద్యోగం పోవచ్చు. నాలుగు లైన్లు ఎక్కువ రాస్తే చేతులు అరిగిపోతాయా అన్నాడు అబ్బాయి గదిలోంచి. హాల్లో ఆయన పేపరు దించకుండానే, "మీ అత్తను చూసి నేర్చుకో" అన్నారు.

నాకు గొడవంటే భయం; గొడవ తర్వాత తలుపు చప్పుడంటే ఇంకా భయం. పదేళ్ల కిందట నా కూతురు అత్తారింటి నుంచి వచ్చి ఇదే బల్ల దగ్గర కూర్చుని, అక్కడ ఉండలేనమ్మా అంది. సర్దుకో అన్నాను. సంచి తీసుకుని వెళ్లిపోయింది. భర్త దగ్గరికీ పోలేదు, నా దగ్గరికీ రాలేదు. ఆ తలుపు చప్పుడు ఇప్పటికీ వింటున్నాను.

"మీరేమంటారు అత్తయ్యా?" అంది కోడలు.

ఆ పాత మాటే నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"పంపించు," అన్నాను. "ఆ పదిహేడూ ఎప్పుడు తీసేస్తావో కూడా రాయి."

రాసింది. పంపింది. నేను ఉప్పూ కారం ఏదీ కలపకుండా మూడు గిన్నెలూ ఒక్కదాంట్లోకి వంచి బల్ల మధ్యలో పెట్టాను.

ఆయన వచ్చి కూర్చుని నా గిన్నె ఏదని వెతుక్కున్నారు. అదే అన్నాను. ఒక ముద్ద తిని మొహం చిట్లించి, ఉప్పు చాలలేదు అన్నారు.

ఉప్పు డబ్బా ఆయన ముందుకు జరిపాను.

"సర్దుకోండి."