సూర్యప్రభ హెచ్‌డీఎల్

పెళ్లయి రెండు నెలలు. దిల్‌సుఖ్‌నగర్ వెనక కొత్త కాలనీలో రెండు గదుల కిరాయి ఇల్లు. కుళాయి తిప్పితే నీళ్లు రావడం కూడా నాకు పండగే. మా ఆయన జనార్ధన్ మలక్‌పేటలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తారు. ఆయన స్కూటర్ చప్పుడు మలుపులోనే గుర్తుపట్టి టీ పెట్టేదాన్ని.

ఒక సాయంత్రం టీ తాగుతూ అన్నారు, "మా సూర్యప్రభకు హెచ్‌డీఎల్ డెబ్బై ఒచ్చింది. గంత మంచి రక్తం నేనెప్పుడు చూడలే."

సూర్యప్రభ ఆయనతో పనిచేసే గుంటూరు అమ్మాయి. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"హెచ్‌డీఎల్ అంటే ఏంది?"

ఆయన ఉత్సాహంగా చెప్పారు. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసేవాటిలో ఎల్‌డీఎల్ దాన్ని గుండె రక్తనాళాల్లో పేరుస్తుందట. హెచ్‌డీఎల్ అక్కణ్ణించి తీసి కాలేయానికి చేరుస్తుందట. రక్తంలోంచి వేరుచేసిన నీటిలాంటి సీరంలో ఒక మందు కలిపి, యంత్రంలో గిరగిరా తిప్పితే చెడ్డది అడుగుకు దిగుతుంది. పైన తేటలో మిగిలిన మంచిదాన్ని కొలుస్తారు. అది ఎక్కువుంటే గుండెకు భయం తక్కువ.

నాకు వినిపించింది ఒక్కటే, మంచి రక్తం. నా జడ బాగుందన్నారు, పులుసు బాగుందన్నారు. నా రక్తం గురించి ఒక్క మాటైనా అన్నారా?

"నాకు గూడ చెయ్యిండ్రి. రేపే."

"అయితే రాత్రి ఎనిమిదికి తిన్నంక మళ్ల ఏం తినకు. ఉత్త కడుపుతోనే రావాలె."

పొద్దున ఆయన ముందే ల్యాబుకు వెళ్లిపోయారు. ఏడున్నరకు నేను తాళం వేస్తుంటే ఇంటి ఓనరు అండాలమ్మ అడ్డం వచ్చింది.

"కొత్త పెండ్లి పిల్లవు, ఉత్త కడుపుతోని గడప దాటుతవా బిడ్డా?"

చేతికిస్తే వద్దనొచ్చు. ఆమె రొట్టె, బెల్లం నలిపి చేసిన, నెయ్యి కారుతున్న మలిద ముద్దలు నోట్లోనే పెట్టింది.

ల్యాబులో నా వంతు వచ్చేసరికి పదయింది. సూర్యప్రభే నా రక్తం తీసింది. సూది గుచ్చినట్టే తెలియలేదు. అదీ నాకు నచ్చలేదు.

సీరం కొవ్వుతో, పాలు కలిపిన నీళ్లలా వచ్చింది. మందు కలిపి తిప్పినా, దిగాల్సింది దిగకుండా పైనే తేలింది.

"వదినగారూ, పొద్దున ఏమైనా తిన్నారా?"

ఒక్కపూట ఆగలేకపోయానని ఆమె ముందు ఎలా ఒప్పుకోను?

"లేదు."

మా ఆయన గొట్టం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లారు. "ఇరవై రెండేండ్లకే ఇట్లనా... మీ ఇంట్ల ఎవరికన్న గుండెనొప్పి ఒచ్చిందా?"

"జనార్ధన్ గారూ," అని సూర్యప్రభ రెండుసార్లు పిలిచింది. ఆయన తిరిగి చూడలేదు. ఆ రెండూ నేను లెక్కపెట్టుకున్నాను. నిజం అప్పుడే చెప్పాల్సింది. ఇంకాసేపు చూద్దామనిపించింది. కానీ ఆయన గుండె డాక్టరుకు చీటీ రాయడానికి కలం తీశారు.

"మలిద ముద్దలు తిన్న," అన్నాను.

"ఎన్ని?"

"మూడు. అండాలమ్మ నోట్లె పెట్టింది."

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. సూర్యప్రభ రిజిస్టరు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"బీయస్సీ చదివినవు గదనే," అన్నారు ఆయన, గొట్టం కడుగుతూ. "రేపు నా బండి మీదనే తీస్కొస్త. అండాలమ్మ లేవకముందే."

బయల్దేరుతూ సూర్యప్రభతో అన్నాను, "రేపు నా రక్తం ఆయనే తీస్తరు."