కారు తప్ప అన్నీ తెరిచిన రిమోట్

రోజూ పొద్దున్న ఏడుంబావుకి సూదమ్మ అన్నం డబ్బా పట్టుకుని మెట్లు దిగుతుంది. అప్పటికే వాళ్లాయన కారు తుడిచి, స్టీరింగు ముందు కూర్చుని ఉంటాడు. ల్యాబ్ దగ్గర దింపి "నాలుగింటికి వస్తా" అంటాడు, అన్నట్టే నాలుగింటికి వస్తాడు. ఆయన రిటైరైనప్పటినుంచీ, ఏడేళ్లుగా ఇదే వరస. సూదమ్మ అన్నది అసలు పేరేం కాదు. ఎంత మొండి నరమైనా ఆవిడ వేలికి దొరికిపోతుంది, సూది దిగిన సంగతి కూడా తెలియదు, అందుకని ల్యాబుకొచ్చే జనం పెట్టుకున్న పేరది.

ఆ రోజు మాత్రం ఆవిడ సెలవు పెట్టింది. పదకొండింటికి డ్రైవింగ్ టెస్టు. ముచ్చటగా మూడోసారి. ఇళ్లకు వెళ్లి రక్తం తీసుకొచ్చే పని ఒకటి ల్యాబులో కొత్తగా మొదలుపెడుతున్నారు, దానికి ఇన్‌ఛార్జిగా ఆవిడనే వెయ్యాలనుకున్నారు. కాకపోతే సాయంత్రంలోగా లైసెన్సు చూపించాలి. చూపించకపోతే ఆ పని మేనేజరుగారి మరదలికి పోతుంది. ఆ పిల్లకి లైసెన్సుంది, నరమే దొరకదు. ఒక్క మనిషికి నాలుగు చోట్ల పొడుస్తుంది.

టాక్సీ ఎక్కి పోదామా అంటే, ఎవరి కారు వాళ్లు తెచ్చుకుంటేనే టెస్టు పెడతారు. పాసయ్యేదాకా పక్క సీట్లో లైసెన్సున్న మనిషి ఉండితీరాలి. అంటే వాళ్లాయనే ఉండాలి.

తొమ్మిదింటికి కిందికి దిగి రిమోట్ నొక్కింది. కారు ఉలకలేదు, పలకలేదు. మూడో అంతస్తులో పళ్ల డాక్టరుగారి బాత్‌రూము కిటికీ మాత్రం దబ్బున తెరుచుకుంది.

"ఎవరండీ అది? స్నానం చేస్తున్నాను," అన్నాడాయన పైనుంచి.

"మా కారు రిమోట్ పాడైంది డాక్టరుగారూ."

"బ్యాటరీ అయిపోయుంటుంది," అని ఆయన కిటికీ వేసుకున్నాడు.

మళ్లీ నొక్కింది. గేటు పక్కన వరసగా ఉన్న ఎనిమిది ఉత్తరాల పెట్టెలూ ఒకేసారి నోళ్లు తెరిచాయి. ఇంకోసారి నొక్కితే రోడ్డు మీద పోతున్న పెద్దమనిషి చేతిలో గొడుగు విచ్చుకుంది. ఆయన ఆకాశం వంక చూసి, వానేం లేదని గొడుగు ముడిచి, తన దారిన తాను పోయాడు. మూసే బటన్ నొక్కితే ఒక్కటీ మూసుకోలేదు. ఎవరివి వాళ్లే వచ్చి మూసుకోవాల్సి వచ్చింది.

"ఇటు తే," అంటూ దిగాడు వాళ్లాయన. "ముప్పై ఏళ్లు కరెంటాఫీసులో పనిచేసినవాణ్ణి, నాకీ బిళ్ల బ్యాటరీ ఒక లెక్కా?"

లెక్కే అయింది. ఆ ఇంట్లో బ్యాటరీలకి ఒక బిస్కెట్ డబ్బా ఉంది. కొత్తవీ అందులోనే, అయిపోయినవీ అందులోనే. "ఇంకాస్త ప్రాణం ఉంటుందే, పారెయ్యకు" అని అన్నీ అందులోకే చేరుస్తాడీయన. ఇప్పుడా డబ్బా కారు మీద పెట్టుకుని, ఒక్కో బిళ్లా నాలిక మీద ఆనించి చూడటం మొదలుపెట్టాడు.

"ఇది చచ్చింది. ఇది కొన ఊపిరితో ఉంది. ఇదీ చచ్చింది."

"చచ్చినవాటిని మళ్లీ ఆ డబ్బాలోనే వేస్తున్నారేంటండీ?"

"మరెక్కడ వెయ్యను?"

సూదమ్మ పళ్లు నూరింది. అప్పటికి తొమ్మిదిన్నర. బ్యాటరీ మార్చినప్పుడల్లా ఏదో ఒకటి తెరుచుకుంటూనే ఉంది, కారు తప్ప. ఒకసారి ఎదురింటి ఫ్రిజ్జు, ఒకసారి స్కూలు వ్యానులో పిల్లల సంచులన్నీ. కింది వాటాలో మామ్మగారు బయటికొచ్చింది.

"అమ్మాయ్, ఇరవై ఏళ్లనాటి పెట్టె తెరుచుకుంది, తాళమెక్కడో పారేసుకున్నాను. ఇంకోసారి నొక్కు తల్లీ. మందుసీసా మూత కూడా రావట్లేదు."

సూదమ్మ నొక్కింది. మూత వచ్చింది. మామ్మగారు చల్లగా ఉండమని దీవించి లోపలికి పోయింది. దీవెనలు బాగానే ఉన్నాయి, కారే తెరుచుకోవటం లేదు.

ఇక లాభం లేదని తమ్ముడికి ఫోన్ చేసింది. అతనికి కార్ల షెడ్డుంది.

"పాతబడ్డాక అలాగే చేస్తాయక్కా ఇవి. గురి తప్పుతాయి," అన్నాడు తమ్ముడు. "బ్యాటరీ ఆనే రేకుల్ని పెన్సిలు రబ్బరుతో రుద్ది చూడు."

రుద్దింది.

"బావ జేబులో ఫోనుందేమో, దూరంగా పెట్టించు."

పెట్టించింది.

"పోనీ రిమోట్ వెనక చిన్న మీట ఉంటుంది, లాగితే సన్నటి ఇనప తాళం వస్తుంది. దాంతో తలుపు తెరిచి, రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కు. బ్యాటరీ లేకపోయినా కదులుతుంది."

లాగింది. లోపలంతా ఖాళీ.

"అదా," అన్నాడు వాళ్లాయన. "జేబులో గుచ్చుకుంటోందని తీసేశా. స్పేర్ రిమోట్‌తో పాటు పెట్టా."

"స్పేర్ ఎక్కడ పెట్టారు?"

ఆయన నీళ్లు నమిలాడు. "అది పోయిందని పోయిన నెలే చెప్పానుగా."

"రిమోట్ పారేసుకుంటే పారేసుకున్నారు, దానికి తోడు ఇదెందుకండీ ఇచ్చారు?"

"అక్కా, నేను షెడ్డు నుంచి బయల్దేరినా గంట పడుతుంది," అన్నాడు ఫోన్లో తమ్ముడు. మొగుడూపెళ్లాల మధ్య మాట ముదురుతోందని గ్రహించి ఫోన్ పెట్టేశాడు.

పదీ పది. టెస్టు పెట్టే చోటికి అరగంట దారి. పొద్దున్నుంచీ నొక్కీ నొక్కీ బొటనవేలు కందిపోయింది. ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. వాళ్లాయన మాత్రం డబ్బాకి తీరిగ్గా మూతపెట్టి, "పోనీలేవే," అన్నాడు. "మళ్లీ ఎప్పుడో పిలుస్తారు, అప్పుడు వెళ్దువుగాని. నేనున్నాగా దింపడానికి."

ఆ మాటకి సూదమ్మకి ఒళ్లు మండిపోయింది. "మీకేం, మీరు పోనీలే అంటారు. పోయేది నాకొచ్చే కొత్త పని," అంటూ రిమోట్ ఆయన మొహం ముందు ఆడించింది. కోపంలో బొటనవేలు బటన్ మీద పడింది.

వాళ్లాయన నోరు తెరుచుకుంది.

"స్పేర్ రిమోట్ నా చొక్కా లోపలి జేబులో ఉంది," అన్నాడాయన. "నెల నుంచీ ఉంది. ఇనప తాళమూ అక్కడే ఉంది. పారేసుకోలేదు, దాచాను. బ్యాటరీ మాత్రం నేను తియ్యలేదు, అది దానంతటదే చచ్చింది."

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గానీ మాట వేళ్ల సందుల్లోంచి వస్తూనే ఉంది. సూదమ్మ ఆ జేబులో చెయ్యి పెట్టి స్పేర్ రిమోట్ లాక్కుంది. నొక్కింది. కారు నాలుగు దీపాలూ వెలిగించి కూసింది.

"ఎక్కండి," అంది.

"నువ్వు మొదటిసారి తప్పిన రోజు నాకు సంతోషమేసింది," అన్నాడు బెల్టు పెట్టుకుంటూ. "రెండోసారి ఇంకాస్త ఎక్కువేసింది. బయటికి అయ్యో అన్నాను."

దిగిపొమ్మందామని నాలిక చివరిదాకా వచ్చింది. దింపేస్తే కారు కదపటానికి లేదు. తను ఓడిపోతే సంబరపడ్డ మనిషినే పక్కన కూచోబెట్టుకుని పోవాల్సిన ఖర్మ. ఆవిడకి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుందామంటే రెండు చేతులూ స్టీరింగు మీద ఉండాలాయె.

"నేనేం పాపం చేశానండీ మీకు?"

"నువ్వేం చెయ్యలేదే. రిటైరయ్యాక నాకోసం ఎదురుచూసే మనిషివి నువ్వొక్కదానివే. అదీ సాయంత్రం నాలుగింటికి. నువ్వే కారు నడుపుకుంటే ఇక నాలుగింటికి నేనేం చెయ్యాలి?"

జాలీ కోపమూ ఒకేసారి వస్తే ఏది ముందు చూపించాలో ఎవరికి మాత్రం తెలుస్తుంది? "ముందా సిగ్నల్ చూడనివ్వండి," అంది సూదమ్మ. ఆయన దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. ఆఫీసులో వీడ్కోలు రోజున మొహం కడుక్కుని వస్తానని వెళ్లి ఏడ్చిన సంగతి, నాలుగింటికి రావాల్సినవాడు మూడింటికే వచ్చి ల్యాబ్ ఎదురుగా కారులో కూర్చునే సంగతి.

టెస్టు పెట్టే ఇన్‌స్పెక్టరు ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తను కారెక్కాడు. ఇదివరకు రెండుసార్లూ రివర్సు దగ్గరే తప్పింది. ఇటు తిప్పు, అటు కాదు, అద్దం నమ్మకు అని వాళ్లాయన నేర్పిన మాటలన్నీ సరిగ్గా అక్కడికొచ్చేసరికి చెవిలో జోరీగల్లా మోగేవి. ఇవాళ ఆ మాటలేవీ మోగలేదు. రోజూ నరం వెతికినట్టే నిదానంగా, చేతికి తెలిసినంత మేర తిప్పింది. కారు రెండు గీతల మధ్యకి చక్కగా వెళ్లి ఆగింది. ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం పెట్టి చేతికిచ్చాడు.

వాళ్లాయన బెంచీ మీంచి లేచొచ్చి కారు పక్కన నిలబడ్డాడు. తలుపు మీద చెయ్యి వెయ్యలేదు. పక్క సీట్లో ఇప్పుడెవరూ ఉండనక్కర్లేదని ఆయనకీ తెలుసు.

"బస్సులో రండి," అంది సూదమ్మ అద్దం దించి. "నేను ల్యాబుకి పోవాలి. ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం."

"ఊఁ," అన్నాడాయన.

ఆవిడ గేటు దాటింది. పెళ్లయ్యాక కారులో ఒక్కతే ఉండటం అదే మొదలు. కోపం ఇంకా తగ్గలేదు, అయినా చెప్పలేనంత సంతోషంగా ఉంది. చుట్టు తిరిగి పెద్ద రోడ్డెక్కేసరికి ఎర్రదీపం పడింది. పక్కనే బస్టాపు. అప్పటికే అక్కడికి నడిచొచ్చేసిన వాళ్లాయన, ఆవిణ్ణి చూసుకోకుండా, కూరల సంచితో నిలబడ్డ ఒకామెతో మాట్లాడుతున్నాడు.

"మా ఆవిడ ఇప్పుడే పాసైందండీ. నాకంటే బాగా నడుపుతుంది, ఆ మాట మాత్రం తనకి ఇప్పటిదాకా చెప్పలేదు. సాయంత్రం నాలుగింటికి నన్ను ఎక్కించుకుని ఎటైనా తీసుకెళ్తుందేమో అడగాలనుంది. ఎలా అడగాలో తెలియట్లేదు."

"ఆమెనే అడగండి," అంది కూరల సంచి ఆమె.

పచ్చదీపం పడింది. వెనక హారన్లు మోగుతున్నాయి. సూదమ్మ గేరు వేసి కదిలింది. ల్యాబుకెళ్లి కాగితం చూపించి, మూడున్నరకే పని ముగించుకుని, నాలుగింటికి ఇంటి ముందు కారాపి హారన్ కొట్టింది.