వాటర్‌టైట్‌లీకి అర్థం

ఉదయం నుంచి ఆ మాట కారుతోంది.

మాట ‘వాటర్‌టైట్‌లీ’. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కార్యాలయంలో హైమవతి బల్ల మీదున్న కార్డులోంచి ఉప్పునీళ్లు బొట్లుబొట్లుగా ఆమె ఒళ్లో పడుతున్నాయి. కింది సొరుగులో ‘వీట్’ కార్డు మీద గోధుమ మొలకెత్తింది. పదహారేళ్ల పని నానిపోతోంది.

హైమవతి కుచ్చిళ్లు పిండుకుని ‘నీరు చొరకుండా’ అని రాస్తుంది. ‘నీరు’ కాస్తా జారిపోయి ‘చొరకుండా’ మిగులుతుంది. మళ్లీ రాస్తుంది. పదకొండోసారి కలం విసిరికొడుతుంది.

“నీళ్లు రాకూడదనే మాటలో నీళ్లెందుకు పెట్టావమ్మా?” అంటారు సంపాదకులు శోభనాచలం గారు, కాళ్లు కుర్చీ మీదకు ముడుచుకుంటూ. “పుట్టుక చూడు. సాయంత్రానికి అచ్చుకి వెళ్లాలి.”

చూస్తుంది. ‘వాటర్’ నీళ్లే. ‘టైట్’ అంటే పూర్వం ఓడలవాళ్ల నోట కారనిది, సందులేనిది. ‘లీ’ అంటే పాత ఇంగ్లీషులో ఒళ్లు. ఆ ఒళ్లు ఎప్పుడో పోయింది. అక్కడే సందు.

కార్యాలయం మెట్లు ఇవాళ తాళ్లరేవులోకి దిగుతాయి. పడవలు కట్టే పోలరాజు పలకల మధ్య దూది, గుగ్గిలం కూరుతున్నాడు.

“పడవ కారకపోతే ఏమంటారు?” దిగివచ్చిన హైమవతి అడుగుతుంది.

“ఏమీ అనమండి. ఎక్కేత్తాం.”

“కారితే?”

“అప్పుడు చానా అంటామండి.”

హైమవతికి ఏడుపొస్తుంది. “నాకు ఒక్క మాట చాలయ్యా!”

జాలిపడి పోలరాజు గుగ్గిలం డబ్బాతో ఆమె వెంట వస్తాడు. గదిలో నీళ్లు నడుముదాకా ఉన్నాయి. శోభనాచలం గారు బీరువా ఎక్కి కూర్చున్నారు. పోలరాజు మాటను వేలితో తట్టి చూస్తాడు.

“లోపల్నించి మూయాలండి. ఒళ్లు కావాలి.”

హైమవతి సంపాదకుల వైపు చూస్తుంది. ఆయన గడియారం వైపు చూస్తారు. ఆమె కొంగు దోపుకుని ‘లీ’లోకి దూరుతుంది. వెనక పోలరాజు దూది కూరి గుగ్గిలం పోస్తాడు. కారడం ఆగిపోతుంది.

లోపల పొడిగా ఉంది. బయట శోభనాచలం గారి పెదవులు ‘అర్థం, అర్థం’ అంటూ కదులుతున్నాయి.

అప్పుడు తడుతుంది అర్థం. చక్కటి తెలుగు మాట, చుక్క నీరు లేనిది. హైమవతి పైకి చెబుతుంది. అరుస్తుంది. గొంతు బొంగురుపోయేదాకా అరుస్తుంది. ఒక్క అక్షరమూ బయటికి పోదు.

చివరికి ఆ మాట ఆమె నోట్లోంచి ఒళ్లో పడుతుంది, వెచ్చగా, గుడ్డులా. పగులు లేదు, అతుకు లేదు. చెవి ఆనిస్తుంది. లోపల వాన కురుస్తోంది. ఎవరో గొడుగు విప్పుతున్నారు.