పోయినవాడికి పథ్యం

ఫెర్మీన్ పోయాక ఇదే మొదటి పండగ, పోయినవాళ్లు ఒక్కరోజు తిరిగొచ్చే పండగ. చొలూలా ఊళ్లో వాళ్ల వీధి మొగలో ఇరుగుపొరుగు కలిసి ఏడు మెట్ల పీఠం కట్టి, బంతిపూలు పరిచి, ఎవరి పోయినవాళ్ల ఫొటోలు వాళ్లు పెట్టుకున్నారు. ఒక్కో ఫొటో ముందు వాళ్లకిష్టమైన తిండి. హసింతా మాత్రం మొగుడు ఫెర్మీన్ ఫొటో ముందు ఉప్పు లేకుండా ఉడకబెట్టిన నాగజెముడు ముక్కలు పెట్టింది.

“చచ్చినవాడికి షుగరేంటి వదినా!” అంది పక్కింటి టోమాసా.

“చస్తే తగ్గిపోతుందని డాక్టరు రాసిచ్చాడా? పథ్యం పథ్యమే!” అంది హసింతా. చివరి నాలుగేళ్లూ మొగుణ్ణి తీపి వాసన కూడా చూడనివ్వని మనిషి ఆమె. ఆ పట్టు అంత తేలిగ్గా సడలుతుందా?

“నీ ఇష్టం. పోయినవాళ్లు వచ్చి తినేది రుచినే కదా. మర్నాడు మిగిలింది చప్పగా ఉంటే వచ్చినట్టు. నీ నాగజెముడు ముందే చప్పన. మరి అన్నయ్య వచ్చిందీ రానిదీ నీకెలా తెలుస్తుంది?”

మొగుడు వచ్చాడని తెలుసుకోవడం కోసమే హసింతా మార్చిలో అతను పోయినప్పటి నుంచి కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది. పరుగున పోయి పంచదార అద్దిన రొట్టె తెచ్చి పెట్టింది. “ఈ ఒక్కరోజుకే!” అని ఫొటోకి వేలు చూపించింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ పీఠం దగ్గర చేరి తిండి పంచుకున్నారు. హసింతా రొట్టె కొరికింది. తియ్యగా ఉంది. రెండోవైపు కొరికింది. అక్కడా దిక్కుమాలిన తీపే. ఆమె మెట్టు మీద కూలబడింది.

“రాలేదు వదినా. నా సాధింపులకి చచ్చాక కూడా నా మొహం చూడదలచుకోలేదు.”

టోమాసా తన తండ్రికి పెట్టిన బెల్లంపాకం గుమ్మడికాయ నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

“గడ్డి తిన్నట్టుందే! మా నాన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకునే మనిషి, గిన్నెంతా చప్పబడిందేంటి? ఓహో, అలవాటైన గిన్నె కదా, అన్నయ్య...” అని నాలిక్కరుచుకుంది.

“ఏ అన్నయ్య?”

టోమాసా గొంతు తగ్గించింది. “రోజూ సాయంత్రం కోళ్లకి మేత వేసొస్తానని నీకు చెప్పి మా వంటింట్లోకొచ్చి ఇదే తినేవాడు వదినా. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు.”

హసింతా గిన్నె లాక్కుని ఓ ముక్క తింది. చప్పగా, పరమ చప్పగా ఉంది. లేచి ఫొటో ముందు నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

“దొంగ సచ్చినోడా! వచ్చావా!”

పెళ్లైన దగ్గర్నుంచీ తిడుతున్న ఆ తిట్టు ఇన్నాళ్లకి అక్షరాలా నిజమైంది. వీధంతా పగలబడి నవ్వింది. హసింతాకి నవ్వూ ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. ఆ చప్పటి గుమ్మడికాయ మొత్తం ఊడ్చి తినేసి మూతి తుడుచుకుంది.

“పాకం ఎలా పడతావో చెప్పు వదినా. వచ్చే ఏడాది కూడా పక్కవాళ్ల గిన్నెలో చెయ్యి పెడితే ఈయనగారి కాళ్లు విరగ్గొడతాను.”