నా పేరు రాయకండి

ముప్పై ఏళ్ళుగా సెగావా తొమొజిరో తన కొండపల్లెల సమావేశపు గదుల్లో, చాపల మీద నడుం వంచి అడిగింది ఒక్కటే: ఓటు చీటీ మీద నా పేరు రాయండి. ఈ అక్టోబరులో అవే చాపల మీద, అదే నడుం వంచి, నా పేరు రాయకండి అని బతిమాలుకోవలసి వచ్చింది.

అంతా కొత్త చట్టం పుణ్యం. పాత పద్ధతిలో ఆ ప్రాంతానికి పార్లమెంటులో నాలుగు సీట్లు. సెగావా, మినొబె ఒకే పార్టీ వాళ్ళు, ఇద్దరూ గెలిచేవారు, అయినా ఉప్పూ నిప్పూలా ఉండేవారు. ఒకరి మనుషులు మరొకరి ఇంట మంచినీళ్ళు ముట్టేవారు కారు. పార్టీ ఎక్కడో టోక్యోలో ఉండేది. ఇక్కడున్నది సెగావా సంఘం, మినొబె సంఘం, అంతే. ఇప్పుడు ఒక్కటే సీటన్నారు. ఒకే ఒరలో రెండు కత్తులెలా ఇముడుతాయి? పార్టీ పెద్దలు పంచాయితీ తీర్చారు. ఈసారి నియోజకవర్గంలో మినొబె, పార్టీ జాబితాలో సెగావా. వచ్చేసారి తారుమారు. ఓటరుకి రెండు చీటీలు: ఒకదాని మీద మనిషి పేరు, రెండోదాని మీద పార్టీ పేరు చేత్తో రాయాలి. పార్టీకి పడిన ఓట్లను బట్టి జాబితాలో పైనుంచి సీట్లు. సెగావాది ఆరో స్థానం.

ప్రచారం బండి మైకులో మినొబె, మినొబె అనే మోత. వెనక సీట్లో సెగావా, అభ్యర్థులు వేసుకునే తెల్ల చేతితొడుగులతో చెయ్యి ఊపుతుంటే, తన మనుషులే తలలు తిప్పుకునేవారు. చిన్నచూపుతో కాదు, చూడలేక. అంతమంది మధ్య ఆయన ఒంటరివాడైపోయాడు.

సెగావా సంఘం మహిళా విభాగం పెద్ద ఫుకుయొకి ఎనభై ఒక్కటి నిండాయి. ఆమెకి చెవినిల్లు కట్టుకుని మరీ చెప్పాడు.

"మొదటి చీటీ మీద మినొబె, పెద్దమ్మా. రెండోదాని మీద పార్టీ. నాది ఎక్కడా వద్దు."

"మినొబె గాడికా? వాడి మొహానికి నా ఓటా!"

"నా కోసం వెయ్యండి."

"నీ కోసమైతే సరేలే. ఈ ముల్లంగి ఊరగాయ తిను నాయనా, చిక్కి సగమయ్యావు."

మినొబె గెలిచాడు. జాబితా అయిదుగురి దగ్గర ఆగిపోయింది. ఆరో సీటు మూడు వందల పన్నెండు ఓట్ల తేడాతో వేరే పార్టీకి పోయింది.

లెక్కింపు దగ్గర కూర్చున్న సెగావా కార్యదర్శి కుజుమి మర్నాడు ఆఫీసుకొచ్చి తలుపు వేశాడు.

"చెల్లని చీటీలు చూశానండి. పార్టీ పేరుండాల్సిన చోట తమరి పేరు. మన దగ్గరే వెయ్యి దాటాయి."

సెగావా బల్ల మీది తెల్ల చేతితొడుగులు మడిచి సొరుగులో పెట్టాడు.

"వచ్చేసారి మన వంతే కదండీ," అన్నాడు కుజుమి.

"గెలిచి కూర్చున్నవాడు లేస్తాడటయ్యా?"

మధ్యాహ్నం ఫుకుయొ వచ్చింది. గోడల మీద పోస్టర్లు ఊడదీస్తున్నారు. ఆమె కుర్చీలో కూలబడి ఏడ్చింది.

"ఎలా ఓడిపోయావు నాయనా? పళ్ళు నూరుకుంటూనే వాడికి వేశాం. రెండోదాని మీద మాత్రం అందరం నీ పేరే రాశాం. ఊరూరా నేనే కబురంపాను. ఒక్కరూ నీ పేరు రాయకపోతే చిన్నబోతావని. నీకు తెలిస్తే వద్దంటావని చెప్పలేదు. ఆ ఓట్లన్నీ ఎవడు మింగాడు?"

కుజుమి నోరు తెరవబోయాడు. సెగావా కంటితోనే ఆపాడు. చెబితే ఆమె తట్టుకోలేదు. చెప్పకపోతే వచ్చేసారీ ఇదే చేస్తుంది.

"ఎవరూ మింగలేదు పెద్దమ్మా. వెయ్యి పైనే పడ్డాయి, కుజుమి కళ్ళారా చూశాడు."

"చూశావా మరి! వచ్చేసారి రెండు వేలు రాయిస్తా."

"వచ్చేసారి నేను నిలబడటం లేదు."

ఆ మాట అన్నాకే అది నిజమని ఆయనకీ తెలిసింది. తన కళ్ళు ఆమెకి కనబడకుండా నడుం వంచాడు. ఈసారి ఏమీ అడగలేదు.

ఫుకుయొ కాసేపు ఆయన నెరిసిన తల కేసి చూసింది.

"అయితే మేం ఎవరి పేరు రాయాలి?" అంది.