చాయ్ హోటల్ మీద పడ్డ గుర్తులు

వేణుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిల్లకాలువలో నీళ్లు ఎక్కడెక్కడ అడ్డుపడుతున్నాయో రైతులే ఫోనులోని వికీ పటంలో గుర్తులు పెట్టాలని ఊరంతా తిరిగి బతిమిలాడింది తనే. పాపం, ఒక్కరూ మాట తప్పలేదు. తీరా చూస్తే ఎర్ర గుర్తులన్నీ కోటగిరి బస్టాండు ముందున్న చాయ్ హోటల్ మీద కుప్పగా పడి ఉన్నాయి. పటాన్ని నమ్మితే, ఆయకట్టు మొత్తానికి అడ్డం ఆ హోటలే.

జరిగిందేమిటంటే, పొలాల్లో సిగ్నల్ ఉండదు. అందరూ కాలువ చూసుకుని, తీరిగ్గా హోటలుకొచ్చి, చాయ్ తాగుతూ ఫోను నొక్కారు. ఫోను ఎక్కడుంటే గుర్తు అక్కడ పడింది. వాళ్లను అని ఏం లాభం? ఈ ఊళ్లో ఏ పనైనా చాయ్ దగ్గర కూర్చుంటే గాని తెమలదు.

వేణు గుండెల్లో మాత్రం రాయి పడింది. ఎల్లుండి ఊరంతా కలిసి మాట్లాడుకున్న జేసీబీ వస్తుంది. గుర్తున్న చోటే తవ్వుతుంది. ఆ వెంటనే కాలువకు నీళ్లు వదులుతారు. అతని తండ్రి ఆశన్న పొలం కాలువకు అట్టచివర. పోయిన యాసంగి పంటకు అక్కడికి చుక్క చేరక వరి నిలువునా ఎండింది. ఈసారీ అంతే అయితే పొలం కౌలుకిచ్చి బోధన్‌లో కూలికి పోతానని ఆశన్న తేల్చి చెప్పేశాడు.

పటం తయారుచేసింది నిజామాబాద్ అమ్మాయి షారోన్. వికీలో వ్యాసాన్ని ఎవరైనా దిద్దినట్టే పటాన్నీ దిద్దగలగాలని ఆమె పట్టుదల. గుర్తులన్నీ నువ్వే సర్దెయ్యమని వేణు ఫోన్ చేస్తే ఒప్పుకోలేదు. ఏది ఎక్కడిదో తనకేం తెలుసని, తను పెడితే అది ఊరి పటం ఎట్లవుతుందని అడిగింది. అడిగి ఊరుకుందా? మర్నాడు పొద్దున్నే బస్సు దిగింది. లాప్‌టాప్‌ను హోటల్ గోడమీది టీవీకి తగిలించి, ఎవరైనా తమ ఫోనులో గుర్తును వేలితో పట్టి జరిపేలా, జరిపినవాళ్ల పేరు పక్కనే కనబడేలా అక్కడికక్కడే మార్చింది. పిల్ల కాదు, పిడుగు.

వేణు ఆమెను పక్కకు పిలిచాడు. తండ్రి పొలానికి పైనే హన్మండ్లు పొలం. ట్రాక్టరు దాటడానికి ఆయన కాలువకు అడ్డంగా మట్టి పోశాడని అందరికీ తెలుసు, అడిగిన మొనగాడు లేడు. ఆశన్న కూడా మాటలు మానేశాడే తప్ప అడగలేదు. గుర్తు పక్కన ‘నీళ్లొస్తలేవు’ అని మాత్రం రాసుకున్నాడు.

“ఎవలది వాళ్లే జరిపేటట్టు తాళం పెట్టు చెల్లె. హన్మండ్లు చెయ్యి పడితే మా బాపు గుర్తు మాయమైతది.”

“మాయం కాదన్నా. పాతదెక్కడుండెనో, ఎవలు జరిపిండ్రో అంత కనవడ్తది. తాళమేస్తే మంచి చేద్దామన్నోని చెయ్యి సుత ఆగిపోతది.”

వేణుకు నమ్మకం కుదరలేదు. ఈలోగా హోటల్లో సందడి మొదలైంది. నా తూము అక్కడ కాదని ఒకరు, ఇక్కడేనని ఒకరు. ముత్తవ్వ అయితే పక్కవాడి గుర్తును కూడా సరైన చోటికి లాగి, వాడిని రెండు తిట్టింది. ఒక్కొక్క గుర్తే హోటల్ వదిలి కాలువ మీదికి వెళ్లిపోయింది. చివరికి ఆశన్నది ఒక్కటే మిగిలింది. ఆశన్న తల వంచుకుని గ్లాసులోకి చూస్తున్నాడు.

బల్ల చివర హన్మండ్లు కూర్చుని ఉన్నాడు. అంతమందిలో ఒక్కరూ తన పేరెత్తకపోవడమే ఆయన్ని ఎక్కువ కాల్చినట్టుంది. “బిడ్డా, గిది ఎవలు జరిపినా జరుగుతదా?” అని అడిగాడు. జరుగుతుందని, పేరు కూడా పడుతుందని షారోన్ చెప్పింది.

ఆయన ఫోను తీశాడు. టీవీలో ఎర్ర గుర్తు కాలువ వెంబడి మెల్లగా జరిగి, హన్మండ్లు ట్రాక్టరు దాటే చోట ఆగింది. పక్కనే ఆయన పేరు పడింది.

“రేపు జేసీబీని ముందుగాల గీడికే తేండ్రి,” అన్నాడు హన్మండ్లు, ఎవరి మొహమూ చూడకుండా.

తను అడిగిన తాళమే పడి ఉంటే హన్మండ్లు చెయ్యి కూడా ఆగిపోయేదని వేణుకు అప్పుడు తట్టింది. షారోన్‌కు చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఆశన్న గ్లాసు కింద పెట్టాడు. ఏడాదిగా పలకరించని మనిషి వైపు తిరిగాడు.

“మల్ల నీ ట్రాక్టరెట్ల దాటుతదే?” అని అడిగాడు.