హెడ్‌ఫోను పట్టిన పట్టు

మావగారి ఒళ్ళో ఉన్న హెడ్‌ఫోను తీసుకుని సంతోషకుమారి మళ్ళీ ఒకసారి బటన్ నొక్కిపట్టింది. ఎర్ర దీపం, నీలి దీపం మార్చి మార్చి వెలగాలి. అలా వెలిగితే అది ఫోను కోసం వెతుక్కుంటోందని అర్థం. కానీ నీలి దీపం ఒక్కటే వెలిగి, కదలకుండా నిలబడిపోయింది. తన ఫోనులో దాని పేరు కనబడుతోంది గానీ, నొక్కితే మాత్రం కుదరడం లేదనే చెబుతోంది.

"అయిందా అమ్మా?" అన్నాడు జ్ఞానయ్య, అవసరమైన దానికంటే పెద్ద గొంతుతో.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన గోడ గడియారం వంక చూసి, మళ్ళీ హెడ్‌ఫోను వంక చూశాడు.

ఆయన తమ్ముడు యర్రయ్య విశాఖపట్నంలో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. గొంతులో క్యాన్సరు. ఈ ఉదయమే ఆపరేషను. ప్రాణానికి ఫరవాలేదన్నారు గానీ స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు. ఇక మీదట యర్రయ్య మనిషి ఉంటాడు, మాట ఉండదు. లోపలికి తీసుకెళ్ళేముందు అన్నదమ్ములిద్దరి చేతా ఒకసారి మాట్లాడిస్తానని ఆయన కూతురు అమ్ములు మాటిచ్చింది.

జ్ఞానయ్యకేమో చెవులు సరిగ్గా వినబడవు. బతుకంతా ఈ దీవి హార్బరు వర్క్‌షాపులో ఇంజన్ల మధ్య గడిపిన మనిషి. చెవి మిషను పెట్టిస్తే ఈల వేస్తోందని తీసి డబ్బాలో పడేశాడు. ఫోను స్పీకరులో పెడితే డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు ఉంటుందంటాడు. ఈ హెడ్‌ఫోను తగిలించుకుని శబ్దం పూర్తిగా పెంచితేనే ఆయనకి మాట మాటలా వినిపిస్తుంది.

సంతోషకుమారి ఆయన ఎడమ చెవి దగ్గరికి వంగింది. "మావయ్యా! చినమావయ్య మాట రికార్డు చేసి పంపమంటాను! తర్వాత తీరిగ్గా వినొచ్చు!"

"పాటేటమ్మా రికార్డు వినడానికి? నానొకటంటే వాడొకటనాల. రికార్డు నన్ను తిరిగి తిడతాదా?"

ఆమె మళ్ళీ ఫోను అందుకుంది.

భర్త ప్రసన్న కుమార్ ఉంటే క్షణంలో సరిచేసేవాడు. ఆయన పొద్దున్నే బోటు డ్యూటీకి వెళ్ళాడు. సముద్రం మీద ఫోను అందదు. రెండుసార్లు చేసి ఊరుకుంది. ఆయన చెయ్యగా చూసినవన్నీ గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కటే చేసింది. ఫోను ఆపి మళ్ళీ వేసింది. హెడ్‌ఫోనుకి కాసేపు ఛార్జింగు పెట్టింది. ఏదీ పనిచెయ్యకపోతే పేరు చెరిపేసి కొత్తగా కలపాలని ఆయన ఎప్పుడో అన్నట్టు గుర్తు. చెరిపేసింది. చెరిపేశాక ఆ పేరు మళ్ళీ కనబడనే లేదు. పక్కింటి టీవీ పేరు కనబడింది, ఎదురింటి వాళ్ళ స్పీకరు పేరు కనబడింది, కావలసినది మాత్రం లేదు.

ఇందాకటి దాకా పేరన్నా ఉండేది. ఇప్పుడదీ పోగొట్టింది.

హెడ్‌ఫోను రెండు చేతుల మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "ప్రభువా..." అని ఆగిపోయింది. ఇలాంటిదానికి ప్రార్థన చెయ్యొచ్చా? ఆసుపత్రుల్లో ఇంతమంది ప్రాణాల కోసం మొరపెడుతుంటే, తను ఒక మిషను కలవలేదని అడగడమా? కలవనిది మిషను కాదు గదా, ఇద్దరు అన్నదమ్ములు గదా. ఆ తర్కమేదో తేలకుండానే ఆమేన్ అనేసింది.

నీలి దీపం అలాగే ఉంది.

అసలు దీనికి ప్రాణముందా లేదా చూద్దామని ఈసారి ఆపి, తన చెవులకే తగిలించుకుని మళ్ళీ వేసింది. లోపల ఒకమ్మాయి ఇంగ్లీషులో "కనెక్టెడ్" అంది.

కలిసిందా? ఎవరితో? తన ఫోనులో ఏమీ లేదు. చెవుల్లో మాత్రం సన్నటి రొద మొదలైంది, దూరంగా ఫ్రిజ్ తిరుగుతున్నట్టు. ఆమె ఊపిరి బిగబట్టి వింది. ఉన్నట్టుండి ఆ రొదలోంచి గంటల మీద కీర్తన రాగం మోగింది. గభాలున హెడ్‌ఫోను తీసేసింది. తీసినా రాగం ఆగలేదు. అదే రాగం, సన్నగా, గోడ అవతలి నుంచి.

గోడ అవతల ఉండే వెరోనికా దీదీ ఇంటి గడియారం! గంట గంటకీ అది ఆ రాగం మోగించడం ఈ ఇళ్ళ వరసలో అందరికీ తెలిసిందే. వెరోనికా ఇంట్లో మోగింది తన చెవుల్లో ఎలా మోగింది?

అప్పుడు వెలిగింది ఆమెకి. నిన్న సాయంత్రం ప్రార్థన కూటం తమ ఇంట్లోనే జరిగింది. గరాచర్మలో తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళు వారానికో ఇంట్లో కూడుకుంటారు. జ్ఞానయ్యకి వాక్యం వినబడాలని ప్రసన్న కుమార్ తన పాత ఫోనుకి ఒక ఏర్పాటు చేశాడు. దాంట్లో సిమ్ ఉండదు. పాస్టరుగారి బైబిలు పక్కన పెడితే, అది విన్నదంతా ఈ హెడ్‌ఫోనుకి పంపుతుంది. కూటం ముగియగానే పాటల పుస్తకాలన్నీ సంచీలో సర్ది, మూతి బిగించి, వచ్చే వారం వంతు ఎవరిదో వాళ్ళింటికి అప్పటికప్పుడే పంపించెయ్యడం ఇక్కడి అలవాటు. మళ్ళీ కూటం నాటిదాకా ఆ ముడి ఎవరూ విప్పరు. నిన్న ఎవరో పుస్తకాలతోపాటు ఫోను కూడా సంచీలో వేసేశారు. వచ్చే వారం వంతు వెరోనికాది. హెడ్‌ఫోను తన పాత ఫోనుని గోడ అవతలి నుంచే పట్టుకుని వేలాడుతోంది.

ఆమె పరుగున వెళ్ళింది. వెరోనికా తలుపుకి తాళం. అక్కడే నిలబడి ఫోను చేసింది.

"దీదీ, ఎక్కడున్నావ్?"

"మిన్నీ బే లో, మా చెల్లి ఇంట్లో. క్యా హువా? అలా రొప్పుతున్నావేం?"

"తాళంచెవి ఎవరికైనా ఇచ్చావా?"

"నా బ్యాగులోనే ఉంది. ఎందుకే?"

సంతోషకుమారి గబగబా చెప్పింది.

"అరే భగవాన్!" అని, నాలిక కరుచుకుని, "అయ్యో ప్రభువా!" అని దిద్దుకుంది వెరోనికా. "సంచీలో ఫోనుందని నాకేం తెలుసు సంతోషీ? బీరువా మీద పెట్టేశాను, ముడి కూడా ముట్టుకోలేదు. ఆగు, బయల్దేరుతున్నా. ఆటో దొరకాలి గదా!"

ఆ ఫోను పెట్టీ పెట్టకముందే అమ్ములు చేసింది. "వదినా, స్ట్రెచర్ వచ్చేసింది! ముందు కేసు తొందరగా అయిపోయిందంట. నర్సమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేసి ఆపాను. నాన్నేమో అన్నియ్య ఏడీ, అన్నియ్య ఏడీ అంటన్నాడు. పెదనాన్నకివ్వు!"

"ఇచ్చేస్తానమ్మా, ఇదుగో, అయిదు నిమిషాలు," అంది సంతోషకుమారి. ఆ అయిదు నిమిషాల్లో ఏం చేస్తుందో ఆమెకే తెలియదు.

తాళం వైపు చూసింది. గునపం తెచ్చి బద్దలు కొడదామా అని కూడా అనిపించింది. దేవుడి పాటల సంచే ఇలా అడ్డం పడాలా అని లోపల ఒక మాట మెదిలింది. అలా అనుకున్నందుకు భయపడింది. అంతలో ఇంకో సంగతి తోచింది. ప్రసన్న కుమార్ పాటలు వింటూ, ఫోను వంటింట్లో మర్చిపోయి సందు చివరిదాకా వెళ్తే, పాట తెగిపోయిందని తిట్టుకుంటూ తిరిగొస్తాడు. దూరం వెళ్తే వదిలేస్తుంది! ఫోనుని కదపలేకపోతే హెడ్‌ఫోనే కదలాలి.

ఇంట్లోకి పరుగెత్తి మావగారికి చొక్కా అందించింది. "పదండి మావయ్యా!"

"ఎక్కడికి? ఇశాపట్నానికా?"

"బస్టాపుకి!"

లుంగీ పైన చొక్కా, గుండీలు ఒకదానికి ఒకటి తప్పి, నెత్తిన హెడ్‌ఫోను. కోడలు చెయ్యి పట్టుకుని ఆ పెద్దమనిషి వాలు దిగాడు. వాన పడి రోడ్డు జారుతోంది. తొందరపెడితే పడతాడేమోనని ఒక భయం, తొందరపెట్టకపోతే అక్కడ తలుపులు మూసుకుంటాయని ఒక భయం. ఆమె అడుగడుక్కీ ఆయన చెవి పక్కనున్న దీపం చూస్తోంది. నీలమే. రెండిళ్ళు దాటినా నీలమే.

సందు మలుపు తిరిగాక ఆయన ఆగాడు. "ఇందులో ఎవరో అమ్మాయి ఇంగిలీసులో ఏదో అంది."

"ఏమంది?"

"నాకేటి తెలుసు? గొంతు సూస్తే ఒదిలేసి ఎల్లిపోయినట్టే ఉంది."

దీపం చూస్తే ఎర్రగా, నీలంగా, ఎర్రగా వెలుగుతోంది. అక్కడే, రోడ్డు మధ్యలో నిలబడి ఫోనులో వెతికింది. పేరు వచ్చింది. నొక్కింది. తిరుగుతోంది, తిరుగుతోంది... కలిసింది. ఆయన్ని బస్టాపులో బల్ల మీద కూర్చోబెట్టి అమ్ములుకి చేసింది. ఒక్క రింగుకే ఎత్తింది.

తర్వాత ఆమెకి ఏమీ వినబడలేదు. యర్రయ్య మాటలన్నీ హెడ్‌ఫోనులోకే పోతున్నాయి. ఆమెకి వినబడింది జ్ఞానయ్య ఒక్కడే. ఆమెకే కాదు, వీధి వీధికీ వినబడింది.

"ఒరే యర్రిగా! బావున్నావేట్రా? ఆ, ఇంటన్నాను! ఏటీ? బస్టాపులో నాకేటి పనా? నీ కోసమేరా గుంటడా! ఇంట్లో ఈ మిషను మొండికేసింది."

సిప్పీఘాట్ నుంచి కూరగాయల బుట్టతో వచ్చిన ఒకాయన బస్సు కోసం నిలబడి ఉన్నాడు. "అంకుల్‌జీ ఎవరితో లడాయి పడుతున్నారు దీదీ?" అన్నాడు హిందీలో.

"లడాయి కాదు భయ్యా. తమ్ముడితో మాటలు," అంది ఆమె.

"ఏటీ?" అని అరిచాడు జ్ఞానయ్య. "నాను సెవిటోణ్ణి, నువ్వు మూగోడివి, జత బాగా కుదిరిందంటావా?" పెద్దగా నవ్వాడు. నవ్వి నవ్వి, నవ్వు మధ్యలో మొహం ఒకలా అయిపోయి, తుండుగుడ్డ కోసం భుజం తడుముకున్నాడు. అది ఇంట్లోనే ఉండిపోయింది. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఒరే, కళ్ళు ముయ్యి. ప్రార్థన సేత్తాను... ఏటీ? నా ప్రార్థనయ్యీసరికి డాక్టరుకి రిటైర్మెంటు వచ్చేస్తాదా? నోర్ముయ్యిరా. సిన్నదే సేత్తాను."

నిజంగానే చిన్నదే చేశాడు. కూరగాయల ఆయన కూడా బుట్ట కింద పెట్టి తల వంచాడు. ఆమేన్ అన్నాక జ్ఞానయ్య రెండు చేతులతో హెడ్‌ఫోనుని చెవులకి అదిమిపట్టుకుని ముందుకి వంగాడు. చాలాసేపు వింటూనే ఉన్నాడు. "ఆ... ఆ... సరే... అలాగేలే," అన్నాడు, మెల్లగా, ఆయన గొంతు అంత మెల్లగా ఉండగలదని ఆమెకి తెలియదు. ఫోను తెగింది. క్షణం తర్వాత అమ్ములు నుంచి మెసేజీ వచ్చింది, లోపలికి తీసుకెళ్ళారని.

సంతోషకుమారి ఆయన పక్కన కూర్చుంది. హెడ్‌ఫోను తియ్యబోతే ఆయనే తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"గొంతు వాడిది కాదమ్మా. ఇసుక మీద పడవ లాగినట్టుంది. అయినా వాడే."

ఆమె చెవి దగ్గరికి వంగింది. "చివర్న ఏమన్నారు మావయ్యా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "తెల్దు. ఏదో అన్నాడు, రెండు మాటలు. నాకు అందలేదు."

"మళ్ళీ అడగలేకపోయారా?"

"మాటాడితే నొప్పెడతంది వాడికి. తెలస్తానే ఉంది. మళ్ళీ సెప్పరా అని ఎలా అడగమంటావు? అందినట్టే సరే అనీసాను."

ఇంత చేసి, చివరి మాట అందలేదా? సంతోషకుమారి వెంటనే ఫోను తీసింది. "అమ్ములు పక్కనే ఉంది మావయ్యా! దానికి వినబడే ఉంటుంది. అడుగుతాను!"

ఆయన ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. "వద్దమ్మా. అమ్ములు సెప్తే అది అమ్ములు గొంతైపోద్ది."

బస్సు వచ్చి ఆగింది. కూరగాయల ఆయన ఎక్కాడు. కండక్టరు తల బయటికి పెట్టి, ఎక్కుతారా అన్నట్టు చూశాడు. ఆమె చెయ్యి ఊపింది, లేదు భయ్యా అని. బస్సు కదిలింది. ఇంటికి వెళ్దామా అని ఆమె అడగలేదు, ఆయనా లేవలేదు. అక్కడ ఆపరేషను అయ్యేసరికి మధ్యాహ్నం అవుతుందన్నారు.